ఇతనే మనం

మా తోడల్లుడికి సొంత అభిప్రాయం అంటూ ఒకటి ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఎండ మండిపోతోందని ఎవరైనా అంటే అవునంటాడు. ఆ వెనకే ఇంకొకరు వచ్చి ఇదేం ఎండ, పోయినేడు చూడాల్సింది అంటే దానికీ తలూపుతాడు. చివరికి ఎవరు మాట్లాడితే వాళ్ల మాటే ఆయన మాట. అలాంటి మనిషి బొమ్మ కింద ప్రభుత్వం వారు ‘ఇతనే మనం’ అని పెద్దక్షరాలతో రాయించి దేశమంతా అంటించారు. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్లు రాసింది తప్పని కూడా అనలేను.

ఆయన మా అత్తగారి పెద్దల్లుడు, నేను చిన్నల్లుణ్ణి. ఆవిడకు ఊరి మధ్యలో ఒక లాండ్రీ ఉండేది. ముందు కౌంటరు, దాని వెనక బాయిలరు గది, ఉతికే తొట్లు, ఇస్త్రీ బల్లలు, అవన్నీ దాటితే ఇల్లు. మామగారు పోయాక ఆవిడే దాన్ని నిలబెట్టింది. హోటళ్ల దుప్పట్లు, ఆస్పత్రి తెరలు, ఆఫీసర్ల తెల్ల చొక్కాలు అన్నీ అక్కడికే వచ్చేవి. పెద్ద కూతురికి పెళ్లి చేసి అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకుంది. ఆయనకు ఎక్కడా ఉద్యోగం నిలవలేదు కాబట్టి ఆ ఏర్పాటు ఆయనకూ నచ్చింది. కౌంటరు దగ్గర కూర్చుని, తెచ్చిన బట్టలు తీసుకుని, కాలరు లోపల చెరగని సిరాతో నంబరు వేసి లోపలికి పంపడం ఆయన పని. ఆ నంబర్లూ తప్పుగానే వేసేవాడు. మా వదిన, అంటే ఆయన భార్య, ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి ఆ తప్పులు దిద్దుకుంటూ వచ్చేది. నాది పైపుల పని. బాయిలరు మొరాయించినప్పుడల్లా కబురు పంపితే వెళ్లేవాణ్ణి.

ఆయన దేశానికి ముఖం అయిన రోజున కూడా నేను అక్కడే నిచ్చెన మీద ఉన్నాను. ప్రచార శాఖ వాళ్లు ఏదో బొమ్మ తీయడానికి ఒక నటుణ్ణి మాట్లాడుకున్నారట. అతను రాలేదు. నటుడి కోసం ఇస్త్రీకి ఇచ్చిన బట్టలు వెనక్కి తీసుకోవడానికి వచ్చిన ఫొటోగ్రాఫరు మా తోడల్లుడి మొహం వంక కాసేపు చూశాడు. ఆ మొహంలో ఏముందని అడిగితే, ఏమీ లేకపోవడమే కావాల్సింది అన్నాడు. ఏ ఊరివాడో, ఏ కులంవాడో, ఏ పని చేసేవాడో పోల్చుకోలేని మొహం. నటుడి చొక్కా ఈయన పొట్టకు పట్టలేదు. ఉతికి తగిలించిన చొక్కాల్లోంచి ఒక లాయరుగారి చొక్కా తీసి తొడిగారు.

సరిగ్గా ఆయన నెత్తి మీద పైపు కీలు కారుతోంది. నేను పైనుంచి, అన్నయ్యా చూసుకోండి, మరుగునీళ్లు పడతాయి అన్నాను. ఆయన చటుక్కున తలెత్తాడు. దవడ బిగిసింది, కళ్లు పెద్దవయ్యాయి. ఫొటోగ్రాఫరు అప్పుడే నొక్కాడు.

పోస్టరు వచ్చాక, రేపటి దేశాన్ని చూస్తున్న సామాన్యుడి చూపు అని పత్రికల్లో రాశారు. ఆ చూపులో భయం లేదని, బానిసత్వం లేదని, అచ్చమైన స్వేచ్ఛ ఉందని ఒకాయన రేడియోలో మాట్లాడాడు. అది మరుగునీళ్లకు భయపడ్డ మనిషి చూపని నాకు తెలుసు, మా వదినకు తెలుసు. ఆయన మాత్రం వారం తిరక్కుండానే మర్చిపోయాడు. లాయరుగారు ఒక్కరే కౌంటరుకొచ్చి, గోడల మీదున్న ఆ చొక్కా తనదని, దాన్ని ఇంకోసారి ఉతికి ఇమ్మని అడిగి తీసుకెళ్లారు.

అప్పటినుంచి మా తోడల్లుడు మనిషి మారలేదుగానీ భంగిమ మారింది. పోస్టరులో ఎలా ఉందో అలాగే మీసం కత్తిరించుకోవడం మొదలుపెట్టాడు. గడ్డం పైకెత్తి నడిచేవాడు. అలా నడిచి మురుగు కాలువలో ఒకసారి కాలు కూడా వేశాడు. మాసిన బట్టలు ముట్టుకోవడం మానేశాడు. నేను అనడం మానేసి మనం అనడం నేర్చుకున్నాడు. ‘మనం ఇంకా తినలేదు’ అంటే ఆయన తినలేదని అర్థం. మా వదిన మొదట్లో నవ్వేది. తరవాత నవ్వడం మానేసి, కౌంటరు పని కూడా తనే చూసుకోసాగింది. వీధిలో జనం ఆయన్ను ఆపి పక్కన నిలబడి ఫొటోలు దిగేవారు. ఆఫీసుల్లో పని కాని వాళ్లు, ఈయన చెబితే అవుతుందేమోనని వచ్చి చెప్పుకునేవారు. ఆయన అందరికీ తలూపేవాడు. ఆ ఊపుడికి ఏ అర్థం తీసుకోవాలో వచ్చినవాళ్లే తేల్చుకునేవారు. దాంతో ఆయన తెలివైనవాడన్న పేరు కూడా వచ్చింది.

ఇంతలో కొండల అవతలి దేశంతో గొడవ ముదిరింది. అవతలినుంచి ఎప్పుడో వలస వచ్చి మన మధ్య కలిసిపోయినవాళ్లను వేరు చేసి గుర్తించాలని ఒక చట్టం వచ్చింది. వెళ్లగొట్టరట, కొట్టరట, తిట్టరట. ‘అతిథి’ అని ముద్ర వేసిన కార్డు ఇస్తారట. అతిథికి ఓటు ఉండదు, వ్యాపారం అతని పేరు మీద ఉండకూడదు, ఏటేటా వచ్చి ఉండనివ్వమని అడగాలి. అంత చక్కటి మాటను అంత నీచమైన పనికి వాడాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందోగానీ, వాడు బాగా చదువుకున్నవాడై ఉంటాడు.

వార్డుకొక సంఘం వేశారు. మా వార్డు సంఘానికి అధ్యక్షుడు రిటైరైన రాజనీతి శాస్త్రం ప్రొఫెసరు. ఇనుప సామాన్ల దుకాణం యజమాని రెండో సభ్యుడు. ప్రజల తరఫున మూడో సభ్యుడిగా మా తోడల్లుణ్ణి వేశారు. గోడల మీద ఉన్నది ఆయనే కాబట్టి ప్రజలంటే ఆయనే అనుకున్నారు.

ప్రొఫెసరుగారు మాటకారి. స్వేచ్ఛ అంటే ఎవరికి తోచినట్టు వాళ్లు ఉండటం కాదని, మనం మనలాగా ఉండటమేనని, మనం ఎవరమో తెలియాలంటే ముందు మనం కానివాళ్లెవరో తేలాలని ఆయన సిద్ధాంతం. జాతి అనేది ఒక గొంతు అనేవాడు. ఒకే గొంతులో రెండు యాసలు పలికితే అది రోగం అనేవాడు. మా తోడల్లుడు ఆ మాటలు మోసుకొచ్చి అన్నం ముందు కూర్చుని మాకు అప్పజెప్పేవాడు. మధ్యలో ఎవరైనా ఎందుకు అని అడిగితే మాత్రం మొదటికొచ్చి మళ్లీ అంతా చెప్పేవాడు, ఎందుకంటే ఆ వాక్యాల లోపలికి ఆయన ఎప్పుడూ వెళ్లలేదు. ఆయనలో అవతలివాళ్ల మీద ద్వేషం ఉందంటే నేను నమ్మను. ద్వేషించడానికి కూడా మనిషిలో ఏదో ఒకటి ఉండాలి. తనకు కుర్చీ వేసినవాళ్లు తనను తమవాడు కాదనుకుంటారేమోనన్న బెంగ తప్ప ఆయనలో ఏమీ లేదు. ఆ మాత్రం బెంగ చాలు, ఎంత ప్రభుత్వమైనా నడుస్తుంది. ఆజ్ఞ కూడా ఇవ్వక్కర్లేదు, ఇలాంటివాళ్లు ముందే ఊహించి చేసేస్తారు.

అవతలివాళ్లకు ‘ళ’ పలకదు. అందుకని పరీక్ష చాలా తేలిగ్గా పెట్టారు. ఎదురుగా నిలబెట్టి, ‘మా వాళ్ల పెళ్లికి వేళకు నీళ్లు, పళ్లు పట్టుకెళ్లాలి’ అని చెప్పమనేవారు. చెప్పగలిగినవాడు మనం. చెప్పలేనివాడు అతిథి. రైల్వే స్టేషన్లో బళ్ల వేళలు మైకులో చెప్పి రిటైరైన ఒక ముసలాయన ఉండేవాడు. ఊరందరికీ ఆయన గొంతు తెలుసు. పక్షవాతం వచ్చి ఆయన నోరు వంకర పోయింది. ఎవరో గిట్టనివాడు ఫిర్యాదు చేస్తే సంఘం ముందుకు పిలిచారు. తాతముత్తాతల నుంచీ ఈ నేల మీదే పుట్టిన మనిషి, ‘ళ’ దగ్గరికి వచ్చేసరికి నాలుక తిరగక నిలబడిపోయాడు. ప్రొఫెసరుగారు చాలా నొచ్చుకుని, నియమం నియమమే అన్నాడు. మా తోడల్లుడు తలూపాడు. ఆ ముసలాయనకు కార్డు ఇచ్చి పంపారు.

మా అత్తగారిది అవతలి పుట్టుక. పసితనంలో తల్లి చంక మీద కొండ దాటి వచ్చిందట. మామగారు ఇక్కడివాడే కాబట్టి ఆవిడ కూతుళ్ల జోలికి చట్టం రాలేదు. ఆవిడకు మాత్రం జీవితమంతా ‘ళ’ పలకలేదు. బట్టలు నానబెట్టే చాకలి సోడా నీళ్ల దగ్గర నిలబడి ‘నా కల్లు మండుతున్నాయి’ అనేది. మా ఆవిడ, వదిన చిన్నప్పటినుంచీ ఆ మాటకు నవ్వేవారట, కల్లు మండితే తాగడం ఎలాగమ్మా అని. ఆవిడా నవ్వేది. ఇంట్లో అది ముద్దుమాట.

ఆవిడకూ పిలుపు వచ్చింది. వార్డులో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి రాకుండా ఉండదు. ఆ మధ్యాహ్నం నేను బాయిలరు గదిలోనే ఉన్నాను. మా వదిన ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి భర్త దగ్గరకొచ్చింది. అమ్మను అక్కడిదాకా రప్పించొద్దని, ఒక్క మాట చెప్పి ఆపమని అడిగింది. తన అత్తగారు కాబట్టే తను చెబితే బాగుండదని ఆయన అన్నాడు. ఆవిడ పరాయిది కాదని నీకు తెలియదా అని వదిన అడిగింది. తెలిసినా సంఘంలో తెలియనట్టే కూర్చోవాలని, అదే నిష్పక్షపాతమని ప్రొఫెసరుగారు చెప్పారని అన్నాడు.

తరవాత ఆయనకు ఒక ఉపాయం తోచింది. తోచింది అనడం కన్నా జాలి కలిగింది అనడం న్యాయం, ఆయన లెక్కలో. దుప్పట్లు మడతపెడుతున్న అత్తగారి ముందు స్టూలు వేసుకుని కూర్చుని, నాలుక మడిచి అంగిలికి ఆనించండి అంటూ ‘ళ’ నేర్పించబోయాడు. ఆవిడ దుప్పటి రెండు కొసలూ ఆయన చేతిలో పెట్టి, అటు పట్టుకో అంది. పట్టుకున్నాడు. ఇద్దరూ మడత వేశారు.

“ఇన్నేల్లుగా నా మాట నీకు అర్థం కాకుండా ఎప్పుడైనా ఉందా?” అని అడిగింది.

“లేదత్తయ్యా. అది కాదు...”

“అయితే చాల్లే. లేచి ఆ బొగ్గుల బుట్ట లోపల పెట్టు.”

బుట్ట నేనే పెట్టాను. మనం బొగ్గు ముట్టుకునే రోజులు అప్పటికే పోయాయి.

సంఘం కూర్చునేది వార్డు ఆఫీసు మేడ మీది గదిలో. పొడుగాటి బల్ల, దాని మీద పచ్చగుడ్డ, మూడు కుర్చీలు. మా తోడల్లుడి కుర్చీ వెనక గోడకు ఆయన పోస్టరే ఉంది. పోస్టరులో ఆయన పైకి చూస్తున్నాడు, దాని కింద ఆయన కాగితాలకేసి చూస్తున్నాడు. వదిన, మా ఆవిడ, నేను గోడవార బెంచీ మీద కూర్చున్నాం. ముగ్గురు సభ్యులూ తొడుక్కున్న చొక్కాలు మా అత్తగారు గంజి పెట్టినవే. ఆవిడ వచ్చి బల్ల ముందు నిలబడి ముందుగా చూసింది వాళ్ల కాలర్లే. ఒకదాని అంచు నలిగి ఉంటే ఆవిడ మొహం చిట్లించుకుంది. అది తన పనికి జరిగిన అవమానం.

ప్రొఫెసరుగారు ఆవిడను అమ్మా అనే పిలిచాడు. ఇందులో అవమానం ఏమీ లేదని, ఎవరు ఎవరో స్పష్టంగా తెలిసిన చోటే అందరూ స్వేచ్ఛగా ఉండగలరని వివరించి, వాక్యం పలకమన్నాడు. ఆవిడ ఆయన్ను వదిలేసి అల్లుడివైపు తిరిగింది.

“నేనెవరో నీకు తెలుసు కదయ్యా. నువ్వు చెప్పు వీల్లకి.”

మా తోడల్లుడు ప్రొఫెసరు మొహం చూశాడు, ఇనుప దుకాణం ఆయన మొహం చూశాడు. వాళ్లిద్దరూ తననే చూస్తున్నారు. చివరగా మాట్లాడినవాళ్ల మాటే తన మాట అనుకునే మనిషికి అది చాలా కష్టమైన ఘడియ, ఎందుకంటే చివరగా మాట్లాడింది అత్తగారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

“ఏమండీ, నియమం ప్రకారం మీరే పలకాలండీ” అన్నాడు.

కన్నతల్లిలా అన్నం పెట్టిన మనిషిని ఆయన ఏమండీ అన్నాడు. నా పక్కన మా వదిన చేతులు ఒడిలో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

అత్తగారు ఆ వాక్యం పలకలేదు. బల్ల మీద చెయ్యి ఆనించి తన మాట తను చెప్పింది.

“నా పిల్లలిద్దరికీ ఈ నోటితోనే మాటలు నేర్పాను. వాల్లు మీలాగే మాట్లాడతారు. నాకు రానిది కూడా వాల్లకి ఇచ్చాను. ఇంక మీకు నేను చూపించాల్సింది ఏమీ లేదు.”

ప్రొఫెసరుగారు ‘వాల్లు’ అన్నచోట పెన్నుతో గుర్తు పెట్టుకున్నాడు. ఆయనకు కావాల్సింది దొరికింది. మిగతా మాటల్లో తను జీవితమంతా పాఠం చెప్పి కూడా అందుకోనిది ఏదో ఉందని ఆయనకు తట్టినట్టు లేదు. కాగితం ముగ్గురి చేతులూ మారింది. మా తోడల్లుడు సంతకం చేశాడు. నంబర్లు తప్పు వేసే మనిషి సంతకం మాత్రం ఎంతో గుండ్రంగా, పొందిగ్గా చేశాడు.

లాండ్రీ మా వదిన పేరుకు మారింది. అత్తగారు కార్డు తెచ్చి బియ్యం డబ్బా వెనక పడేసింది.

ఆ సాయంత్రం మా తోడల్లుడు ఇంటికి వచ్చేసరికి గొడవ జరుగుతుందని అందరం అనుకున్నాం. ఆయన కూడా అనుకునే ఉంటాడు, గుమ్మం దగ్గర ఆగి లోపలికి తొంగిచూశాడు. అత్తగారు ఎదురొచ్చి, “రండి, కూర్చోండి” అంది. పెళ్లయిన నాటినుంచి అల్లుణ్ణి ‘నువ్వు’ అని తప్ప పిలవని మనిషి. ముందుగదిలో కుర్చీ వేసి, కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు తెచ్చి పెట్టింది. కొత్త తువ్వాలు ఇచ్చింది. భోజనం వంటింట్లో అందరితో కాకుండా ముందుగదిలో బల్ల మీద, మంచి పళ్లెంలో వడ్డించింది. ఇంకొంచెం వేసుకోండి అని రెండుసార్లు అడిగింది. మా వదిన తలుపు దగ్గర నిలబడి కాసేపు చూసింది. తరవాత లోపలికెళ్లి ఆయన పరుపు, దిండు తెచ్చి ముందుగదిలో వేసి, దాని మీద హోటలు దుప్పటిలా గంజి పెట్టిన దుప్పటి పరిచింది. తల్లీకూతుళ్లు ఆ సంగతి ఒక్క ముక్క కూడా మాట్లాడుకోలేదని మా ఆవిడ తరవాత చెప్పింది.

ఆ రోజునుంచి ఆయనకు ఆ ఇంట్లో లోటు లేకుండా జరిగింది. మంచినీళ్లకు లేస్తే, అయ్యో మీరెందుకు అంటూ ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చేవారు. బాయిలరు గదివైపు అడుగు వేస్తే, అక్కడ వేడి, మీరు ఇలా కూర్చోండి అనేవారు. భార్య ఆయనతో పోట్లాడటం మానేసింది. నెలసరుకుల సంగతి, పనివాళ్ల తగాదాలు, చుట్టాల జబ్బులు ఏవీ ఆయన చెవిన వేసేవారు కాదు. ఆయన వస్తే మాట ఆపి నవ్వుమొహం పెట్టేవారు. పనివాళ్లు కూడా గ్రహించి నమస్కారాలు పెట్టడం మొదలుపెట్టారు.

ఆయన ఎంత పొంగిపోయాడో చెప్పలేను. ఒకరోజు నన్ను ఆ ముందుగదిలో కూర్చోబెట్టి, “చూశావా తమ్ముడూ. పదవి వచ్చాకగానీ మన విలువ వీళ్లకి తెలియలేదు” అన్నాడు. నేను అవునన్నాను. నిజం చెప్పడం మనవాళ్లకు చేసే మర్యాద, అది ఆయనకు ఎందుకు చెయ్యాలి అనిపించింది.

ఎన్నాళ్లిలా అని అత్తగారిని ఒకసారి అడిగాను. “ఇంటికొచ్చినవాన్ని పొమ్మనలేం కదా నాయనా. ఉన్నన్నాల్లూ చూసుకుంటాం” అంది. ఆ గొంతులో కోపం లేదు. చొక్కా మీది మరక పోదని తేలాక పక్కన పెట్టేటప్పుడు ఆవిడ గొంతు అలాగే ఉండేది.

కాలం ఎవరి కోసమూ ఆగదు కదా, ప్రభుత్వం మారింది. కొండల అవతలి దేశంతో రాజీ కుదిరి, సరుకుల లారీలు తిరగసాగాయి. సంఘాలు రద్దయ్యాయి, అతిథి కార్డులు చెల్లవన్నారు. గోడల మీద మా తోడల్లుడి బొమ్మ మీద ఒక కుర్ర క్రీడాకారుడి బొమ్మ అంటించారు. ప్రొఫెసరుగారు, భాష పేరుతో జరిగిన అన్యాయాల మీద ఒక ఉపన్యాసం ఇచ్చాడు. జనం బాగానే వచ్చారని, ఆయన కళ్లు చెమర్చాయని విన్నాను. మైకు ముసలాయన మాత్రం కార్డుతోనే పోయాడు.

మా తోడల్లుడు ఇక చేయడానికి ఏమీ లేక మళ్లీ కౌంటరు దగ్గరికి వచ్చాడు. మా వదిన లేచి నిలబడి, చేతులు తుడుచుకుని, ఏం కావాలండీ అని అడిగింది. ఆయన నవ్వి, ఊరికే వచ్చాను అన్నాడు. పనివాడొకడు కుర్చీ తెచ్చి గుమ్మం పక్కన నీడలో వేశాడు. ఆయన కూర్చున్నాడు. కార్డులు రద్దయినా ఈ ఇంటి చట్టం రద్దు కాలేదు.

ఒకసారి జ్వరంతో పడుకుని ఉండగా నన్ను పిలిచి, “ఇంట్లో ఏం జరుగుతోందో నాకెవరూ చెప్పరేం తమ్ముడూ?” అని అడిగాడు. ఆ ఒక్కసారికీ ఆయన మొహంలో ఏదో కదిలినట్టయింది. పెద్దవారు, మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని అన్నాను. ఆయన, నిజమేలే అని తృప్తిగా అటు తిరిగి పడుకున్నాడు.

మా అత్తగారు ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. మాకు కబురొచ్చి మేం వెళ్లేసరికి ముందుగదిలో మా తోడల్లుడు కాఫీ తాగుతున్నాడు. పక్కగదిలో శవం ఉందని ఆయనకు తెలియదు. వాళ్లు దాచారని కాదు, ఆయనకు ఏ సంగతీ చెప్పే అలవాటు ఆ ఇంట్లో ఎప్పుడో పోయింది. లాయరుగారు పరామర్శకు వచ్చి, పెద్దావిడ పోయారట అని చేతులు పట్టుకుంటే అప్పుడు తెలిసింది. అప్పుడైనా ఏడుస్తాడేమో, కోప్పడతాడేమో అని చూశాను. కప్పు కింద పెట్టి, వచ్చినవాళ్లకు నమస్కారాలు పెడుతూ నిలబడ్డాడు. వాళ్లు ఏ మొహం పెట్టుకుని వస్తే ఈయనా ఆ మొహమే పెట్టాడు.

అంత్యక్రియలయ్యాక లాండ్రీ ముందు పనివాళ్లు, హోటళ్ల వాళ్లు, వీధివాళ్లు నిలబడి ఉన్నారు. ఎవరైనా రెండు మాటలు మాట్లాడాలేమోనని ఆయన నన్ను అడిగాడు. మాట్లాడమన్నాను. మెట్టెక్కి నిలబడి, పోయినావిడ స్వేచ్ఛను ప్రేమించిన మనిషి అని మొదలుపెట్టి, మనం అంటే ఎవరం, జాతి అంటే ఏమిటి అంటూ ప్రొఫెసరుగారి పాత వాక్యాల్లోకి వెళ్లిపోయాడు. మా వదిన కాసేపు విని, బాయిలరు సంగతి చూడమని నాకు చెప్పి లోపలికి వెళ్లింది. ఆస్పత్రి తెరలు మధ్యాహ్నానికి ఇవ్వాల్సి ఉంది. ఆమె వెనక పనివాళ్లు, వాళ్ల వెనక మేము ఒక్కొక్కరం కదిలాం. వీధివాళ్లు ఎవరి పనుల మీద వాళ్లు వెళ్లారు. నేను బాయిలరు వెలిగించి వాల్వు తిప్పేటప్పుడు కూడా ఆయన గొంతు బయటినుంచి వినిపిస్తూనే ఉంది.